చేపల తొట్టి బల్లకు లోపలి గడియ

మా మామ పద్దెనిమిది నెలలుగా ఇల్లు కదల్లేదు. మా అమ్మ తమ్ముడాయన, పులివెందులలో ఉండేవాడు. ఒక పార్టీ సభలో నాలుగో వరసలో నిలబడి ఫోటోలో పడ్డాడు. ఆర్నెల్లకు ఆ సభ పెట్టిన నాయకుడే పార్టీ మారాడు. తానెటు మారాలో తేల్చుకునేలోపు, రెండు వర్గాలూ తన కోసం వెతుకుతున్నాయని మామకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ రెండు వర్గాలకూ ఆయన ముఖం గుర్తుందా అన్నది నా అనుమానం. నవ్వుతున్నానని ఆ భయం ఉత్తదని కాదు. ఆ ఏడాదే పక్కవీధి మనిషి ఒకాయన పాలకని పోయి తిరిగి రాలేదు. అందుకే నా అనుమానాన్ని నాలోనే ఉంచుకున్నాను.

కిటికీ కూడా తెరవని మనిషికి చూడ్డానికి ఏముంటుంది? ఒకరోజు ప్రొద్దుటూరులో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

"అల్లుడా, చేపలు సాకుదామనుకుంటాండా."

"యాడ మామా, బాయిలోనా?"

"ఇంట్లోరా. గాజు తొట్టిలో. నువ్వే తేవల్ల. కింద పెట్టేదానికి మంచి బల్ల గూడా చేపీ. తలుపుండల్ల దానికి, మోటారూ మేతా లోపల పెట్టుకునేకి."

పద్దెనిమిది నెలల్లో ఆయన గొంతులో హుషారు వినడం అదే మొదటిసారి. నాకు డిగ్రీ అయిపోయింది, పని లేదు. ఒక మనిషికి ప్రాణం లేచొచ్చే పని నా చేతిలో పడేసరికి కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ రాత్రే నోటుపుస్తకంలో బల్ల బొమ్మ గీశాను. నాలుగు కాళ్లు, ఒక తలుపు. అమ్మ చూసి కుక్క బాగుందంది.

జమ్మలమడుగులో ఒక వడ్రంగి పెద్దాయన ఉన్నాడు. పదేళ్లుగా ఆయన చేసిందల్లా నాయకుల ఇళ్లకు తలుపులే. బాంబేసినా పగలని తలుపులని పేరు. నేను బొమ్మ చూపిస్తే చాలాసేపు చూసి, "దీన్ని కొట్టేకి ఎవురొస్తారబ్బీ?" అని అడిగాడు.

"ఎవరూ రారప్పా. చేపలు."

"చేపలకు శత్రువులున్నారా?"

"లేరు. నీళ్ల బరువుంటుంది. తొట్టి నిండితే రెండు బస్తాల బియ్యం పైనే."

బరువనగానే ఆయన కళ్లు వెలిగాయి. మూడు రోజులు ఆయన కొట్టంలోనే ఉన్నాను. ముదురు వేప చెక్క కోశాం, చిత్రిక పట్టాం. చెక్క పొరలు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే ఆ వాసనకే కడుపు నిండేది. ఒక కాలు నేనే కోస్తానని పట్టుబట్టి, బొటనవేలంత పొట్టిగా కోశాను. "దీన్ని రాజకీయాల్లో పెట్టు. కుంటుతానే నిలబడ్తాది," అని దాన్ని పక్కకు విసిరేసి ఆయన ఇంకోటి కోశాడు. మేకులు లేకుండా కాళ్లను పైపలకలో దిగగొట్టాడు. కింద ఇంకో పలక వేసి, మూడు వైపులా మూసేశాడు. నన్నెక్కమన్నాడు. ఎక్కి గెంతాను. ఆయనా ఎక్కాడు. ఇద్దరం బల్ల మీద గెంతుతుంటే వీధిలో జనం ఆగి చూశారు. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్యలో నిలబడింది. ఏ రంగు వేసినా ఏదో ఒక పార్టీది అవుతుందని వట్టి వార్నిష్ కొట్టాం.

చివరికి తలుపు. దానికి లోపలివైపు ఇనుప గడియ బిగించాడు. నిలువు కడ్డీ, పిడి తిప్పితే జారి, కింది పలకలో ఉన్న రంధ్రంలోకి దిగుతుంది. నాకూ అందులో తప్పేమీ కనబడలేదు. మా వైపు గడియ బయట ఉండేది కోళ్లగూటికి మాత్రమే. "శానా బాగుందప్పా," అన్నాను, మనస్ఫూర్తిగా.

మర్నాడు ప్రొద్దుటూరులో తొట్టి, మేత డబ్బా, చేపలు కొన్నాను. గాలి నింపిన సంచుల్లో నాలుగు చేపలు. "సాయంత్రం లోపల తొట్టిలోకి వదలల్ల, లేకుంటే దక్కవు," అన్నాడు అంగడాయన. లగేజీ ఆటో మాట్లాడుకుని, జమ్మలమడుగులో బల్ల ఎక్కించుకుని, పాటలు పాడుకుంటూ బయల్దేరాను.

ఎలక్షన్ల కాలం. పులివెందుల ఇంకా రెండు మైళ్లుందనగా పోలీసులు ఆటో ఆపారు.

"ఆ పెట్టెలో ఏంది?"

"ఏం లేదు సార్."

"తీయ్."

లాగాను. రాలేదు. దారి పొడవునా గుంతలకు పిడి తిరిగిపోయి, లోపల గడియ పడింది.

"గడియ పడింది సార్. లోపల."

"లోపల ఎవురున్నారు?"

"ఎవరూ లేరు సార్."

"మరి ఎవురేసినారు?"

 పులివెందులకు పోయే బరువైన పెట్టె, లోపలినుంచి గడియ, తెల్లమొహం వేసిన కుర్రాడు. ఇద్దరు పోలీసులు మోసి దాన్ని రోడ్డు పక్కన దించారు, అంత మెల్లగా మా అమ్మ కూడా నన్నెన్నడూ దించి ఉండదు. గొడ్డలితో కొడదామన్నాను. నన్నే కొట్టబోయారు. బాంబులు చూసేవాళ్లు కడప నుంచి రావాలన్నారు. ఎప్పుడొస్తారంటే రేపన్నారు. బస్సులు ఆగిపోయాయి, జనం దిగి దూరంగా చేరారు. ఒకాయన శనగలు అమ్మడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం మూడు దాటింది. సంచుల్లో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి.

టీకొట్టు ఫోన్ నుంచి నిలువు కడ్డీ గడియ పడిన సంగతీ, పోలీసుల సంగతీ, బాంబు సంగతీ మామకు చెప్పాను.  

"చేపలెట్లుండాయిరా?"

"నోళ్లు తెరుస్తాండాయి మామా."

ఫోన్ పెట్టేశాడు.

పావుగంటకు స్కూటర్ మీద వచ్చాడు. ఎవరూ గుర్తుపట్టకూడదని తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకున్నాడు.

"ఏమప్పా, కనపడి శానా దినాలైంది. ఊర్లో లేవా?" అన్నాడు టీకొట్టాయన, గ్లాసులు కడుగుతూనే.

 మామ నేరుగా బల్ల దగ్గరకు నడిచాడు. పోలీసులు కేకలేశారు.

"మా ఇంటి తలుపుకుండే గడియే సార్ ఇది. రోజూ చూస్తాండా," అని అరిచి, నావైపు తిరిగాడు. "పట్టురా. తలకిందులు చేద్దాం."

దగ్గరకు ఇంకెవరూ రాలేదు. ఇద్దరమే ఆపసోపాలు పడి దాన్ని బోర్లించాం. లోపల కడ్డీ జారి టక్కుమంది. శనగలాయనతో సహా అందరూ నేలమీద పడ్డారు. తలుపు నిదానంగా తెరుచుకుంది. లోపల వడ్రంగి మరిచిపోయిన సగం బీడీకట్ట ఉంది. ఒక పోలీసు దాన్ని వాసన చూసి, తీసి జేబులో పెట్టుకున్నాడు. తనిఖీ పూర్తయింది.

స్కూటర్ నాకిచ్చి, చేపల సంచులు ఒళ్లో పెట్టుకుని మామ ఆటోలో ముందు కూర్చున్నాడు. తువ్వాలు ఎప్పుడు తీశాడో నేను చూడలేదు. ఊళ్లోకి వచ్చాక రెండుచోట్ల ఆటో ఆపించి, తెలిసినవాళ్లకు చేపలు చూపించాడు. మూడోచోట ఆపేసరికి నాకు ఓపిక పోయింది.

"మామా, సంచుల్లో గాలి అయిపోతాంది!"

"ఉండ్రా. ఈయప్ప చూడలా."

ఈయప్ప ఎవరా అని చూశాను. మామ ఇన్నాళ్లూ భయపడిన వర్గం మనిషి. అరటికాయల బండి పక్కనుంచి వచ్చి, వంగి, సంచికి ముక్కు ఆనించి చూశాడు. నా చేతులు స్కూటర్ హ్యాండిల్‌కు అతుక్కుపోయాయి.

"ఏం తింటాయప్పా ఇయ్యి?" అన్నాడాయన.

మామ మేత డబ్బా మూత తీసి, ఎంత వెయ్యాలో చూపించడం మొదలుపెట్టాడు.