పేరు తీసేసిన ఏడుపు

మా అమ్మ బాగా ఏడుస్తుంది. మా టాటానగర్‌లో, సిద్ధగోరాలో గానీ బారిడీహ్‌లో గానీ తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరైనా పోతే అమ్మకి కబురొచ్చేది. పోయిన మనిషిని పేరుపెట్టి పిలిచేది. వాళ్ల తిండి, వాళ్ల కోపం, డ్యూటీ నుంచొచ్చి బూట్లు విప్పే తీరు, అన్నీ రాగం తీస్తూ చెప్పుకొచ్చేది. అంతవరకూ బిగుసుకుపోయి కూర్చున్న ఇంటివాళ్లు అది విన్నాకనే ఏడవగలిగేవాళ్లు.

మాటల మధ్య ఈ సంగతి జర్మనీ నుంచి వచ్చిన కళాకారిణి చెవిన పడింది. ఆవిడ పని శబ్దంతో. ఊరూరా తిరిగి మనుషుల గొంతులు రికార్డు చేసి చీకటి గదుల్లో వినిపిస్తుంది. నేను పాత చీరలూ స్టీలు ప్లాంటు యూనిఫారాల గుడ్డా కలిపి పెద్ద తెరలు కుడతాను. మూడో మనిషి ఒక సంథాలీ స్నేహితురాలు. సువర్ణరేఖ నది అవతలి ఆదివాసీ పల్లె ఆమెది, మట్టిగోడల మీద చేత్తోనే బొమ్మలు వేస్తుంది. ముగ్గురం కలిసి ప్రదర్శన కోసం ఒక ఇల్లు చేద్దామనుకున్నాం. గోడలు ఆమెవి, కప్పు నాది, ఇంట్లో వినపడే గొంతు ఆవిడ పని. సాక్చి బజారులో ఒక బట్టలకొట్టు పైన గది తీసుకుని చలికాలమంతా పని చేశాం. కొంచెం హిందీ, కొంచెం ఇంగ్లీషు, మిగిలింది చేతిసైగలు. అంత సంతోషంగా నేనెప్పుడూ పని చెయ్యలేదు.

రికార్డింగు మా ఇంట్లోనే జరిగింది. "సావు లేకుండా ఏటేడుత్తానే?" అని నవ్వింది అమ్మ. జర్మనీ ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మైకు ముందుకు జరిపి, "పోయినవాళ్లని ఎవరినైనా తలుచుకోమను" అంది నాతో.

అమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. తర్వాత మా చెల్లిని పేరుపెట్టి పిలిచింది. చిన్నప్పుడే కామెర్లతో పోయిన పిల్ల. ఆ పేరు మా ఇంట్లో ఎవరమూ పైకి అనం.

"బడికెల్లొత్తానన్నావు గదే నా గుంటా... ఒక జడే ఏసేను గదే, రెండో జడ ఎవులేత్తారే..."

పక్కింట్లో కుక్కర్ కూసింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "చాలా బాగుంది. మళ్లీ మొదటినుంచి."

అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి దగ్గు అడ్డొచ్చింది. "దగ్గకుండా చెయ్యమను" అంది ఆవిడ. అమ్మ మళ్లీ ఏడ్చింది. చివరికి మాటలు రావడం మానేశాయి. నోరు తెరుచుకుని ఊపిరి లాగుతోంది, అంతే. ఆవిడ కళ్లు మూసుకుని తలూపింది. "ఇదీ నాక్కావలసింది" అంది.

తర్వాత అమ్మని గట్టిగా కౌగిలించుకుంది. అమ్మ ఆవిడకి జంతికలు పెట్టింది.

ప్రదర్శన కలకత్తాలో. టాటానగర్‌లో పొద్దున బండెక్కి అమ్మని తీసుకెళ్లాను. గంజిపెట్టిన చీర కట్టుకుని, దారంతా "ఆల్లకి తెలుగర్దమవుద్దేటే?" అని అడుగుతూనే ఉంది. మేం చేసిన ఇంట్లోకి అడుగుపెట్టగానే మట్టివాసన. తలపైన నా తెర. నాలుగువైపుల నుంచీ అమ్మ గొంతు. అందులో ఒక్క మాట లేదు. ఆ ఊపిరి లాగడాన్నే సాగదీసి, తిప్పి తిప్పి వినిపిస్తున్నారు. జనం కళ్లు మూసుకుని వింటున్నారు. ఇద్దరు అమ్మాయిలు గోడకానుకుని సెల్ఫీ తీసుకుంటున్నారు.

అమ్మ అన్ని మూలలకీ వెళ్లి వింది. వెతుకుతోందని నాకు అర్థమయింది.

"నా గుంట పేరేదే?"

జర్మనీ ఆవిడ దగ్గరికి వెళ్లి అడిగాను. మెడలో రికార్డర్ ఎర్రదీపం వెలుగుతుండగానే, చాలా ఓపిగ్గా చెప్పింది. "పేరుంటే అది ఒక్క తల్లి ఏడుపవుతుంది. తీసేస్తే ప్రపంచంలో తల్లులందరిదీ అవుతుంది. నువ్వు కళాకారిణివి, నీకు నేను చెప్పాలా?"

"ఏటంటాంది?" అంది అమ్మ. చెప్పాను.

"ఆపమను."

"అతిథులంతా వచ్చాక ఎలా ఆపుతాం?" అని ఆవిడ అమ్మ భుజమ్మీద చెయ్యేసింది. అమ్మ ఏడుస్తూనే ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

ఇదంతా చూస్తున్న నా సంథాలీ స్నేహితురాలు దగ్గరికొచ్చి, "మా రో రహీ హై, బంద్ కరో" అంది, అమ్మ ఏడుస్తోంది, ఆపెయ్యమని. ఆవిడ నవ్వి, అటు తిరిగి ఎవరితోనో మాటల్లో పడింది. అప్పుడు నా స్నేహితురాలు నీళ్ల బకెట్ తెచ్చి తన గోడమీద కుమ్మరించింది. నెలల తరబడి వేసిన బొమ్మల్ని రెండు చేతులతో గీకెయ్యడం మొదలుపెట్టింది. నెమళ్లూ ఎద్దులూ బురదై ఆమె మోచేతుల మీదుగా కారాయి. లోపల దాచిన స్పీకర్లు బయటపడ్డాయి. తీగలు పీకేసింది. గొంతు ఆగిపోయింది.

జనం చప్పట్లు కొట్టారు. అదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఫోన్ ఎత్తి పట్టుకుని, అంతా వీడియో తీస్తోంది.

కొన్ని నెలలకి ఆవిడ నుంచి లింకు వచ్చింది. వాళ్ల దేశంలో అదే పనిని కొత్తగా పెట్టింది. ఇప్పుడు గది నడుమ పెద్ద స్క్రీను మీద నా స్నేహితురాలు గోడ గీకుతూ ఉంటుంది. మధ్యమధ్యలో "ఆపమను" అన్న అమ్మ మాట. పేరు తీసేసిన మనిషి, ఆ మాట మాత్రం ఉంచింది. కింద నా పేరూ, నా స్నేహితురాలి పేరూ సహకళాకారిణులుగా వేసింది. అన్నీ తీసెయ్యమని రాశాం. "మీ కోపమే ఈ పనికి ప్రాణం. ఇంత నిజం నేనొక్కదాన్నే సాధించగలిగేదాన్ని కాదు" అని ఎంతో ప్రేమగా జవాబిచ్చింది. ఆ పని ఇంకా ఊళ్లు తిరుగుతోంది.

పోయినేడు మా పెద్దమ్మ పోయింది, అమ్మకి సొంత అక్క. శవం పక్కన అమ్మకి చోటిచ్చి అందరూ జరిగి కూర్చున్నారు. ఎదురుచూశారు. అమ్మ నోరు తెరిచింది, మూసేసింది.

"సొంతప్పకి కూడా ఏడుపు రాలేదేటే నీకు?" అంది మా అత్తొకావిడ, అందరికీ వినపడేలా.

"ఏడుపొత్తంది గానీ" అంది అమ్మ. "ఎవులో చెవొగ్గి ఇంటన్నట్టుంది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆ అత్తే ఇక తప్పదన్నట్టు రాగం అందుకుంది. పెద్దమ్మ పిల్లలు ఆవిడ చుట్టూ చేరి ఏడ్చారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, శవాన్ని ఎత్తేదాకా అలాగే కూర్చుంది.