మరవ అంటే ఏమిటని అడగలేదు

పుంగనూరు దగ్గరి ఒక చెరువు కట్ట తెగినప్పుడు, అక్కడ నేను చేయించిన పనికి ఊళ్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదని నివేదిక రాశాను. అది నిజం కాదు. ఎర్రమ్మ చెప్పింది.

రెండువేల దశకం మొదట్లో, కరువు ఏళ్లలో, కృష్ణా డెల్టా నుంచి అక్కడికి సహాయ ఇంజనీరుగా వెళ్లాను. చేరగానే రెండు ఉత్తర్వులు. చెరువుల్లో నీళ్లు ఎక్కువ నిలపమని కరువు విభాగం, త్వరగా వదిలే దారి ఉంచమని వరద విభాగం. చెరువేమో ఒకటే. ఏది వినాలో తోచక మదనపల్లెలో మా డీఈగారిని అడిగాను. "నిధులిచ్చింది కరువువాళ్లు కదయ్యా. వరద సంగతి వరదొచ్చినప్పుడు చూద్దాం" అన్నారు.

మిగులు నీరు పొర్లిపోయే గోడను మా వైపు కలుజు అంటాం. దాన్ని ఎత్తు చేస్తే నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, కానీ కట్టనూ ఎత్తాలి. మంజూరైంది గోడకే. గోడే ఎత్తించాను.

కట్ట దిగువన ఎర్రమ్మ గొర్రెల దొడ్డి ఉండేది. పని జరుగుతుండగా మిక్సర్ హోరులో అవతలి నుంచి కేకేసింది: "మరవ సారూ, మరవ!"

అంతకుముందే గొర్రెలకు మేత అడిగి ఉంది. మరవొద్దని గుర్తుచేస్తోందనుకుని "మరవనమ్మా, మరవను!" అని అరిచాను. దండం పెట్టి వెళ్లింది. మేత పంపించాను కూడా.

కరువు తీరిన ఏడు చెరువు నిండి, నీళ్లు కట్టెక్కి పారాయి. కట్ట తెగింది. ఎర్రమ్మ మంద మొత్తం కొట్టుకుపోయింది. గండి దగ్గర మేస్త్రీ "మరవ ఎత్తితే తెగకేమైతాది సార్?" అన్నాడు. మరవ అంటే ఏమిటన్నాను. వింతగా చూసి, నేను ఎత్తించిన గోడను చూపించాడు.

అయినా నివేదికలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదనే రాశాను. తర్వాత కుప్పంలో పనిచేసినప్పుడు గోడ ఎత్తే ప్రతి అంచనాలోనూ కట్ట ఎత్తు కలిపాను. కరువు పని కూడా వరదను లెక్కలోకి తీసుకునే చేయాలని, ఊరివాళ్ల మాట అర్థం కాకపోతే మళ్లీ అడగాలని ఆ చెరువు దగ్గరే నేర్చుకున్నాను.

ముందుగానే పదవీ విరమణ తీసుకున్నాక ఎర్రమ్మ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను.

"ఓయప్పా! మర్సిపోనంటివా నువ్వు?" పకపకా నవ్వింది. ఉన్నట్టుండి ఆపింది. "నీకు తెలిసిందనుకుంటి. కట్ట గూడా ఎత్తుతావని మందను ఆడే ఉండనిస్తి. నేను సెప్తినంటే ఊళ్లో ఒకరూ నమ్మల్యా. నీ రిపోర్టులో ల్యాదంట కదా."

క్షమించమన్నాను.

"ఈడ యాల? టీ అంగడి కాడ సెప్పు, రాప్పా."

వెళ్లాను. బెంచీల మీద ఉన్నవాళ్లంతా వినేలా చెప్పాను: "ఎర్రమ్మ ముందే చెప్పింది. వినక, అబద్ధం రాసింది నేను. క్షమించమ్మా."