మందు తారీఖు చుట్టూ అమ్మ వేసిన ముగ్గు

నిన్న పొద్దున మా వికారాబాద్ గల్లీలోకి దోమల పొగబండి వచ్చి పోయింది. అది పోయి గంటసేపైనా కిరోసిన్ కలిసిన ఆ మందు వాసన ఇంట్లోనే తిరిగింది, దండెం మీది చీరలకు పట్టింది, తాగే చాయలోకి కూడా వచ్చింది. దాని వెనకాలే జ్వరాల లెక్క రాసుకునే అమ్మాయి ఒకతి వచ్చి, పూలకుండీల కింద పళ్లేల్లో నిలిచిన నీళ్లు పారబోయించి, పోతూ పోతూ వాకిలి పక్క గోడ మీద సుద్దముక్కతో తారీఖూ ఇంటి నంబరూ రాసి పోయింది. మొన్ననే రంగు వేయించిన గోడ కదా, నా మనవరాలికి ప్రాణం చివుక్కుమంది. తడిగుడ్డ తీసుకొని ఉరికొచ్చింది. "ఉండు బిడ్డా, తుడవకు" అని దాని చెయ్యి పట్టుకున్నాను. ఎందుకని అడిగింది. ఒక్క మాటలో చెప్పేది కాదు మరి. గోడ మీద సర్కారు వాళ్లు రాసిన తారీఖును తుడిచినందుకు మా అమ్మ ఒకసారి ఎంత ఏడ్చిందో, ఆ తర్వాత ఏం చేసిందో అంతా చెప్పాలి.

మా ఊరు తాండూరు అవతల, యాలాల్ పోయే దారిలో. చుట్టూ నల్లరేగడి చేలు, వాన పడితే కాళ్లకు చెప్పుల్లాగా అంటుకొనే మట్టి, కంది పూతకొస్తే ఊరు ఊరంతా పసుపు రాసుకున్నట్టు ఉండేది. గనుల దగ్గర పారేసిన రాతి ముక్కలు ఏరుకొచ్చి, మట్టితో పేర్చి కట్టిన ఇండ్లు మావి. రాయి కట్టేది మొగవాళ్లు, ఆ రాళ్లను ఇల్లుగా చేసేది మాత్రం ఆడవాళ్లే. ఎర్రమట్టిలో పెండ కలిపి, పొట్టు కలిపి, ఒక రాత్రి నాననిచ్చి, అరచేత్తో గోడకు పూసేవాళ్లు. అది ఆరాక కింద మోకాలెత్తు ఎర్రటి జాజురంగు పట్టె, దాని మీద తెల్ల సుద్దతో గీతలు, చుక్కలు, చిలుకలు. మా అమ్మ సత్తెమ్మ అలికిన గోడ మీద చెయ్యి పెడితే అద్దం మీద పెట్టినట్టు జారేదని అనేవాళ్లు. బతుకమ్మ పండుగ ముందు మా ఇంటి గోడలు చూడడానికే పక్క వాడ నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడేది. ఆ నిలబడడంలోనే ఉండేది ఆమె గర్వమంతా.

పండుగ ముందర వానలుండేవి, వానల వెంట చలిజ్వరం ఉండేది. ఆ రోజుల్లో అది మాకు చుట్టం లాంటిది, వస్తుందని అందరికీ తెలుసు, ఎవరి ఇంటికన్నదే తెలియదు. వచ్చిన మనిషి మీద ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ కప్పినా మంచం గడగడలాడేది, కాసేపటికే ఒళ్లు పెనంలాగా కాలేది, చెమట పట్టి దిగేది, ఒకరోజు విడిచి మళ్లీ అదే వేళకు తయారు. పిల్లలం కచ్చకాయలాడి విసుగొస్తే చలిజ్వరం ఆట ఆడేవాళ్లం. ఒకళ్లు పడుకొని వణకాలి, మిగతావాళ్లు దొరికిన గుడ్డలన్నీ కప్పాలి, ఎవరు నవ్వితే వాళ్లు ఓడినట్టు. మా నాయనమ్మ చూసిందంటే కందికట్టె తీసుకొని వాడ చివరిదాకా తరిమేది. నేలవేము కాచి తాగించేదీ ఆమే, చేతికి పసుపుదారం కట్టేదీ ఆమే.

నిజాం పోయి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది, నాకు తొమ్మిదేళ్లు, మా తమ్ముడు నర్సిములుకు నాలుగు. ఒక రోజు తాండూరు నుంచి ఎడ్లబండి మీద ఖాకీ నిక్కర్ల మనుషులు దిగారు, బండి నిండా డబ్బాలు, పంపులు. మొగవాళ్లందరినీ చావడి దగ్గరికి పిలిచి ఏదో చెప్పారు, అక్కడ గోడకు ఒక కాగితం అంటించారు. తర్వాత ఇండ్లమీద పడ్డారు. కుండలు, కాగులు, పప్పు గుమ్ములు, ఉయ్యాల, విసుర్రాయితో సహా అన్నీ వాకిట్లోకి చేరాయి. పిల్లలకు జాతరే. వాళ్లు లోపల ఒక్క మూల విడవకుండా జ్వరాల దోమలకని డీడీటీ మందు కొట్టి, దర్వాజ పక్కన తారీఖు రాసి పోయారు. లోపలికి పోయి చూస్తే మా అమ్మ గోడలనిండా తెల్లటి చారలు, పిండి చిమ్మినట్టు మరకలు, ముక్కు పగిలే వాసన. కాకపోతే ఆ వారం మంచాల్లో నల్లులన్నీ చచ్చాయి, అందుకని ఆడవాళ్లందరూ సర్కారును మెచ్చుకున్నారు.

మూడు వారాలకు బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చింది. మరకల గోడల మధ్య పండుగ ఎట్లా చేస్తారు? వాడంతా ఎర్రమట్టికి పోయింది. అందరూ ఒక పూత పూస్తే, ఆ చారలు కనబడకూడదని మా అమ్మ మూడు పూతలు పూసింది. దర్వాజ పక్కన రాసిన తారీఖును తడిగుడ్డతో రుద్ది రుద్ది తీసి దాని మీద ఒక చిలుకను వేసింది. మా పక్కింటి మాణెమ్మ ఒక్కతే అలకలేదు. ఆమె గనుల్లో రాయి మోసే కూలికి పోయేది, పొద్దు గూకినాక వచ్చి నలుగురు పిల్లలకు రొట్టెలు కొట్టేసరికే ఆమె చేతులు పడిపోయేవి.

"పండుగ పూట గీ గోడలేందే మాణెమ్మా, పెయ్యి మీద బూడిద పూసుకున్నట్టు" అని నాయనమ్మ ఎత్తిపొడిచింది.

"నీ కోడలున్నది గద పెద్దమ్మా అలికెతందుకు. నా ఇంటికి పంపరాదు జర" అని మాణెమ్మ నవ్వుకుంటూ పోయింది.

తంగేడు పూలు తెచ్చాం, గునుగు పూలకు రంగులద్దాం, రోజుకో వాకిట్లో ఆడాం, చివరిదైన సద్దుల రోజు నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, బెల్లం వేసి దంచిన మలీద ముద్దలు కడుపుబ్బేట్టు తిన్నాం. పండుగైన పదిహేను రోజులకు నర్సిములు వణకడం మొదలుపెట్టాడు.

ముందు అది ఆటే అనుకొని నేను నవ్వాను. తర్వాత వాడి పళ్లు టకటక కొట్టుకోవడం వినిపించింది. రోజు విడిచి రోజు, మాపటిపూట, ఎడ్లు ఇల్లు చేరే వేళకు వచ్చేది. మూడు వారాల్లో వాడి కాళ్లు కట్టెపుల్లలయ్యాయి, పొట్టలో ఎడమ పక్కన గట్టిగా గడ్డలాగా బల్ల పెరిగింది, వాకిట్లోకి నడిచి రావాలన్నా గోడ పట్టుకొనేవాడు. వాడలో చాలా ఇండ్లలో పిల్లలు మంచాన పడ్డారు. మాణెమ్మ పిల్లలు నలుగురూ మాత్రం బురదలో గంతులేస్తూనే ఉన్నారు. అమ్మ ఆ పిల్లలకేసి చాలాసేపు చూసేది. ఒకరోజు కొంగు బిగించుకొని మాణెమ్మ ఇంటికి పోయి, లోపలి గోడలన్నీ తడిమి చూసింది.

"ఏం జూస్తున్నవు వదినే?"

"ఆ మందు నీ ఇంట్లనే పనిజేసింది. మా ఇంట్ల ఎందుకు జెయ్యలే?"

"నీ గోడలు జూసి దోమలు గూడ మురిసినయేమో వదినే. గందుకే ఆడ కాపురం పెట్టినయి" అంది మాణెమ్మ. అమ్మ నవ్వలేదు. మాణెమ్మ కూడా చేతిలో పిండి చేతిలోనే పెట్టుకొని ఆగిపోయింది.

మరునాడు తెల్లవారగానే నర్సిములును చంకనేసుకొని, నన్ను వెంటబెట్టుకొని తాండూరు బయలుదేరింది. నాయినకు కోతల పని. "సర్కారు దవాఖానలో ఆడమనిషివి ఏమని అడుగుతవు?" అన్నాడు. "పోరడు సస్తుంటే ఏమని అడుగుతరో గదే అడుగుత" అంది. ఆరేడు మైళ్లు. సగం దారి నేనెత్తుకున్నాను, సగం అమ్మ. దవాఖానలో క్వినైన్ గోళీలు ఇచ్చి, ఎప్పుడెప్పుడు వేయాలో చెప్పారు. అందరూ అక్కడితో లేచిపోతారు. మా అమ్మ లేవలేదు. "మా ఇంట్ల మందు కొట్టిండ్రు సారూ, అయినా గిట్లెందుకైంది?" అని అడిగింది. కాంపౌండరు వరండా చివరి గది చూపించాడు. అక్కడ బల్ల వెనక కళ్లద్దాల ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, ఆయన వెనక గోడ మీద దోమ బొమ్మలున్న కాగితం ఉంది.

"చదువు బిడ్డా" అంది అమ్మ. నాది మూడో తరగతి చదువు, అప్పటికే బడి మానిపించారు కూడా. కూడబలుక్కుంటూ చదివాను. మనిషి నెత్తురు తాగిన దోమ బరువెక్కి గోడ మీద వాలుతుందనీ, గోడకు మందుంటే అక్కడే చస్తుందనీ, అందుకని మళ్లీ మందు చల్లేదాకా ఆ గోడలను అలకొద్దనీ, సున్నం వేయొద్దనీ ఉంది. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి అమ్మ మెల్లగా కిందికి జారి, గోడకానుకొని కూర్చుంది. ఒళ్లో నర్సిములు. ఏడుపు వినిపించకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

"మూడు పూతలు పూసిన సారూ. నా చేతులతోనే పూసిన" అంది.

"ఈ కాగితం మీ ఊరి చావడిలో అంటించినంగదమ్మా. చెప్పినంగూడ."

అమ్మ తలెత్తింది. నా జన్మలో ఆమె ఒక పెద్ద మనిషి మొహంలోకి అట్లా చూడడం అదే మొదలు. "చావడికి మేమొస్తమా సారూ? గోడలలికేది మేము. మీరు చెప్పింది మొగోళ్లకు. వాళ్లు విన్నరు, బీడీ తాగిండ్రు, మరిచిండ్రు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. బీరువా తెరిచి అట్లాంటి కాగితాలు నాలుగు తీసిచ్చాడు. అమ్మ వాటిని మడిచి బొడ్లో దోపుకొని ఇంకొకటి అడిగింది: వచ్చే ఏడు మందు బండి ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే, అది రాకముందే మేం అలుక్కుంటాం కదా? ఆయన పుస్తకం తిరగేసి, వానల్లో వచ్చి కనుక్కొమ్మన్నాడు. పోకుంటుందా? శ్రావణంలో ఒకసారి పోయింది, ఇంకా ఖరారు కాలేదంటే పది రోజులకు మళ్లీ పోయింది.

పొట్టలో బల్ల కరిగి నర్సిములు మనిషి కావడానికి చలికాలమంతా పట్టింది. బెల్లంలో దాచి పెట్టిన గోళీని నాలుకతో వెతికి పట్టి ఉమ్మేసేవాడు. అమ్మ దాన్ని కడిగి మళ్లీ బెల్లంలో పెట్టేది. వాడు మళ్లీ పడితే తట్టుకోడని అందరికీ తెలుసు.

మరుసటి ఏడు బండి రావడానికి పక్షం ముందే అమ్మ బావి దగ్గర ఆడవాళ్లను ఆపింది. నేను కాగితం చదివాను. "పండుగకు నెల ముంగటనే అలుకుడేంది? వానలల్ల గోడ ఆరుతదా?" అని గోల. నిజమే, ఆరదు. "ఆరకుంటే కుంపట్లు వెట్టి ఆరవెడతం. నా పిల్లలను జూస్తలేరా మీరు? నాకు బద్ధకమని నవ్వితిరి గద, ఇప్పుడు నా బద్ధకమే నేర్చుకోండ్రి" అంది మాణెమ్మ. ఆడవాళ్లు నవ్వారు. నవ్వాక ఒప్పుకున్నారు. ఇంటింటా నిప్పుల కుంపట్లు పెట్టి, పొగకు కళ్లు నులుముకుంటూ, శ్రావణంలో గోడలు అలికిన ఊరు మాదొక్కటే అయి ఉంటుంది. ఆరిన గోడల మీద మందు పడింది, దర్వాజల పక్కన తారీఖులు పడ్డాయి.

బతుకమ్మ వచ్చేసరికి నాయనమ్మ మంకుపట్టు పట్టింది. "గోడలకు చారలు, దర్వాజకు సర్కారు గీతలు. గిట్లాంటి ఇంటికి గౌరమ్మ వస్తదా?" అమ్మ గోడలు ముట్టలేదు. నేల మాత్రం అద్దంలా అలికింది. తర్వాత సుద్ద కలుపుకొని దర్వాజ దగ్గర కూర్చొని, ఆ తారీఖు చుట్టూ ముగ్గు వేసింది. నాలుగు పక్కలా తీగ, తీగకు పూలు, పైన ఎదురెదురుగా రెండు చిలుకలు, నడుమ సర్కారు అంకెలు. "ముగ్గుల ఉన్నదాన్ని ఎవరు తుడుస్తరత్తా?" అంది. నాయనమ్మ చాలాసేపు చూసి, పూల మీద నాలుగు పసుపు చుక్కలు తానే పెట్టింది. మరునాటికి వాడలో ప్రతి దర్వాజకూ అట్లాంటి ముగ్గు ఉంది.

పండుగ పోయింది, పదిహేను రోజులు పోయాయి. రోజూ మాపటిపూట, ఎడ్లు ఇల్లు చేరే వేళకు, అమ్మ చేస్తున్న పని ఆపి నర్సిములు నుదుటి మీద చెయ్యి పెట్టేది. వాడు విసుక్కొని తల గుంజుకొని ఆటకు ఉరికేవాడు. దీపావళి పోయింది. కంది కోతలయ్యాయి. మా ఇంట్లో గొంగళ్లు దండెం మీదనే ఉన్నాయి. ఒకరోజు ఎడ్లు వచ్చాయి, అమ్మ చెయ్యి పెట్టడం మరిచిపోయింది. మరిచినట్టు గుర్తొచ్చి, పిండి చేతులతో పొయ్యి ముందు కూర్చొని ఒక్కతే నవ్వుకుంది.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చి మా దర్వాజ దగ్గర ఆగి, "గీ ముగ్గు ఎవరేసిండ్రు?" అని అడిగాడు. సర్కారు రాతను పాడుచేశామని పట్టుకుపోతారేమోనని నాయిన పరేషాన్ అయ్యాడు. "నేనే సారూ. ఎవలు తుడవకుండ" అని అమ్మ లోపల నుంచి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని చూశాడు. పక్క ఊళ్లలో ఆడవాళ్లకు కూడా చెప్పి రావమ్మా అన్నాడు. ఆ పై రెండు మూడేళ్లు వానాకాలంలో అమ్మ, మాణెమ్మ ముందు నడిచేవాళ్లు, నేను కాగితం పట్టుకొని వెనక. ఎన్ని బావుల దగ్గర చదివానో, చివరికి కాగితం చూడకుండానే అప్పజెప్పేదాన్ని. మూడో తరగతి పిల్లనే అయినా ఆ ఊళ్లలో నన్ను "పంతులమ్మ" అని పిలిచేవాళ్లు.

ఆ కాగితం మడతల దగ్గర చిరిగి చిరిగి ఎప్పుడో పొడైపోయింది. ఆ ఇల్లు కూలింది, దాని చోట నర్సిములు కొడుకులు స్లాబు వేశారు. జాజు అడిగితే దుకాణంలో పిల్లవాడు నా మొహం చూశాడు. అమ్మ లేదు, మాణెమ్మ లేదు. నర్సిములు మాత్రం మొన్న కూడా ఫోన్‌లో, కారం ఎక్కువ తింటున్నాడని కోడలు తిడుతుందని నా దగ్గర మొత్తుకున్నాడు.

అంతా విని నా మనవరాలు తడిగుడ్డ పక్కన పెట్టింది. ఫోన్‌లో ఏదో నొక్కి, డెంగీ గురించి సర్కారు రాసినదంతా చదివి వినిపించింది, నిలిచిన నీళ్లు వారానికోసారి పారబోయాలట. కూర్చున్నచోటు నుంచి లేవకుండానే దొరికింది. అమ్మ ఇంకొకటి అడిగేది తప్పకుండా, ఇది చదవడం రానివాళ్లకు ఎవరు చెప్తున్నారని. ఇదే మాటంటే, పిల్ల ఫోను పట్టుకొని కింది వాటాలో పనికొచ్చే ఆమె దగ్గరికి దిగిపోయింది.

నేను గిన్నెలో బియ్యప్పిండి కలుపుకొని కుర్చీ జరుపుకున్నాను. సుద్దముక్క తారీఖు చుట్టూ ఒక తీగ, తీగకు పూలు, పైన రెండు చిలుకలు. ఒక చిలుక మెడ వంకరపోయింది. అమ్మ చూస్తే ఒప్పుకోదు, చెరిపి మళ్లీ వేయమంటుంది. చెరపనని చెప్తాను.