సొరనూనె తాగిన తాళం

పోర్ట్‌బ్లెయిర్ బజారులో అమ్మే గొడుగుల మీద ఎవరైనా ఒక అర్జీ పెడితే సంతకం చేద్దామని నేను చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన పడే ఊళ్లో రెండు వానలకు మించి నిలవని గొడుగు అమ్మడం ఒక రకమైన ధైర్యం. మొదటి వానకు గుడ్డ కారుతుంది. రెండో వానకు గాలి దాన్ని పైకి తిప్పి పువ్వులా విప్పేస్తుంది. ఒక్క ఏడాదిలో నేను నాలుగు కొన్నాను. అయితే న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ చువ్వలు మాత్రం మంచి ఉక్కు. ఆకురాయితో రాకి, కొన కాస్త వంచితే, తాళంకప్పలోకి దూరి అక్కడ ఏం జరుగుతోందో చేతికి చెప్పగల పుల్ల తయారవుతుంది.

నా సరదా అదే. తాళంచెవి లేకుండా తాళాలు తీయడం. స్టాంపులు దాచుకునేవాళ్లూ ఉన్నారు, గవ్వలు ఏరుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లు తమ సరదా గురించి నలుగురిలో చెప్పుకోగలరు. నేను గడియారాలు బాగుచేస్తానని చెప్పుకునేవాణ్ని. నాకు రెండు నియమాలు ఉండేవి: తాళం నాదై ఉండాలి, లేదా తాళం గల మనిషి పక్కన నిలబడి తీయమని అడగాలి. రెండో నియమం చాలా ఏళ్లపాటు వాడుకలోకి రాలేదు.

ఈ సరదా నన్ను పట్టుకున్నది నేను ప్రభుత్వ స్టోర్సులో గుమాస్తాగా చేరిన కొత్తల్లో. తాళంచెవులు పోయిన తాళాలు అక్కడ ఒక బస్తాడు ఉండేవి. వాటిని పారేయడానికి ఎవరి సంతకం కావాలో తెలియక అలాగే ఉంచారు. ఒకరోజు వర్క్‌షాపువాళ్లు వాటిలో ఒకదాన్ని రంపంతో నిలువునా కోశారు. ఆ సగం ముక్క నా బల్ల మీదికి వచ్చింది.

మూడేళ్లు ఫిజిక్సు చదివినా రాని భక్తి నాకు ఆ ముక్కను చూడగానే వచ్చింది. పిడికిలంత ఇత్తడి. లోపల వరసగా ఐదు సన్నటి గొట్టాలు. ఒక్కో గొట్టంలో ఒకదాని మీద ఒకటి రెండు ఇత్తడి పిన్నులు, బియ్యపుగింజ కంటే కొంచెం లావు. వాటి నెత్తిన వెంట్రుకంత తీగతో చుట్టిన స్ప్రింగు. సరైన తాళంచెవి లోపలికి వెళితే ఐదు జతల అతుకులూ లేచి ఒకే గీత మీద నిలబడతాయి. అప్పుడే తాళం తిరుగుతుంది. ఒక్కటి వెంట్రుకవాసి తేడాగా ఉన్నా తిరగదు. ఐదుగురు ఒకే సమయంలో ఒకే మాట మీదికి రావడం మా ఆఫీసులో నేను ఎన్నడూ చూడలేదు. ఇక్కడ ఎవడో పేరు తెలియని మనిషి ఇత్తడి చేత ఆ పని చేయించాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లే బస్సు ఎక్కడం మరిచిపోయాను.

తర్వాత సామాను వేట మొదలైంది. దీవుల్లో ఈ సామాను ఎక్కడా అమ్మరు. ఉప్పుగాలికి చచ్చిన తాళాలను డాలీగంజ్ పాత సామాన్ల కొట్టులో కిలోల లెక్కన కొని, వాటి కడుపులు కోసి పిన్నులు తీసేవాణ్ని. స్ప్రింగులు మాత్రం దొరికేవి కావు. తుప్పు ముందు వాటినే తినేది. సిగరెట్ లైటర్‌లో రాయిని నెట్టే చిన్న స్ప్రింగు సరిగ్గా సరిపోతుందని కనిపెట్టిన రోజున, జీవితంలో ఎప్పుడూ పొగ తాగని నేను డజను ఖాళీ లైటర్లు పోగేశాను. తక్కువైన పిన్నులను పడవలు అతికే చోట పారేసిన ఇత్తడి కడ్డీ ముక్కల నుంచి రాకి చేసుకునేవాణ్ని. పళ్లు కోయని తాళంచెవులు మద్రాసు నుంచి రావాలి. ఓడలో పనిచేసే స్నేహితుడు ఒకడు రెండు నెలలకోసారి ఒక పొట్లం తెచ్చేవాడు. ఓడలో ఎవరైనా విప్పి చూస్తే పళ్ల డాక్టరు సామాను అని చెప్పేవాడట. వాటన్నిటినీ హోమియోపతి గోళీల సీసాల్లో కొలతల ప్రకారం వేసి, పైన నంబర్లు అతికించాను. ఇంటికి వచ్చిన చుట్టాలు నా ఆరోగ్యం గురించి దిగులుపడి వెళ్లేవాళ్లు.

మా పక్కింట్లో ఒక ముసలాయన, ఆయన మనవరాలు ఉండేవాళ్లు. ఆయన శ్రీకాకుళం తీరం నుంచి, చేపలు పట్టడానికి ప్రభుత్వం తీసుకొచ్చిన కుటుంబాల్లో వచ్చినవాడు. కొడుకూ కోడలూ ఉద్యోగం మీద డిగ్లీపూర్‌లో ఉండేవాళ్లు. అక్కడి నుంచి రావాలంటే బస్సూ పడవా కలిపి ఒక రోజు పైనే. ముసలాయన మాత్రం ఆ వయసులోనూ తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి తన పడవ దగ్గరికి వెళ్లేవాడు.

ఆ రోజు నేను జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం పొద్దున పది గంటలకే తన పని ముగించుకుని వెళ్లిపోయింది. పదకొండు గంటలకు పక్కింటి అమ్మాయి తలుపు కొట్టింది. వానలో తడిసి ఉంది.

“భయ్యా, మీరు తాళాలు ఖోల్తారు కదా?”

“గడియారాలు,” అన్నాను.

“మూడేళ్ల నుంచి చూస్తున్నా. మీ ఇంట్లోంచి బాగుపడిన గడియారం ఒక్కటి కూడా బయటికి రాలేదు. ప్లీజ్ భయ్యా. నాలుగింటికి ఆఫీస్ బంద్.”

సంగతి ఏమిటంటే, ఆమెకు విశాఖపట్నంలో నర్సింగు సీటు వచ్చింది. దీవుల పిల్లల కోసం కేటాయించిన సీటు అది. తాతను ప్రభుత్వమే తీసుకొచ్చి ఇక్కడ దింపినట్టు ఇచ్చిన అసలు కాగితం చూపిస్తేనే స్థానికురాలని సర్టిఫికెట్ ఇస్తారు. నకళ్లు పనికిరావు. ఆ రోజే ఆఖరు. కాగితం తాత పెట్టెలో ఉంది. నాలుగు రోజులుగా తాత “రేపు తీత్తాను” అంటున్నాడు. ఆ పొద్దున గట్టిగా అడిగితే, తాళంచెవి లేదని చెప్పాడు.

వాళ్లింటికి వెళ్లేసరికి ముసలాయన, ఆ రోజు పడవ మానుకుని, పెట్టె మీదే కూర్చుని ఉన్నాడు. పడుకోబెట్టిన బీరువా అంత ఉంది అది. ఎర్రటి పడౌక్ చెక్క.

“గొడ్డలి తెత్తానంటాది ఇది,” అన్నాడు నన్ను చూసి, మనవరాలి వైపు గడ్డం ఎత్తి. “ఈ సెక్క నా మొదటి పడవది బాబూ. అది పోతే సెక్కలు ఒడ్డుకి మోసుకొచ్చి పెట్టి సేయించినాను. దీని మీద గొడ్డలి పడితే నామీద పడినట్టే.”

“తాళంచెవి ఎక్కడ పోయింది తాతా?”

చేపలు పట్టేవాళ్లు తాళంచెవిని, వాళ్ల మాటలో సాబీని, మొలతాడుకు కట్టుకుంటారు. సముద్రంలో జేబు కంటే మొలతాడు నమ్మకం. ఆయన నడుం తడుముకున్నాడు.

“వల లాగుతుంటే మొలతాడు తెగిపోనాది. సాబీ గంగమ్మ కాడికెళ్లిపోనాది.”

“ఎప్పుడు?”

“పోయినేడు వానల్లో.”

“ఏక్ సాల్?” అంది మనవరాలు. “ఏడాది నుంచి నాకెందుకు చెప్పలేదు తాతా?”

“నువ్వడగనేదు.”

నేను వంగి తాళాన్ని చేతిలోకి తీసుకున్నాను. మంచి ఇత్తడి, ఐదు పిన్నులది, మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన పాత సరుకు. వాసన మాత్రం చేపల రేవుది. రంధ్రం నిండా నల్లటి జిగురు గడ్డకట్టి ఉంది.

“ఇందులో ఏం పోశావు తాతా?”

“సొరనూనె. సొరసేపది. నెలనెలా పోత్తాను. అమాసకి సంద్రంలోకి ఎల్లం కదా, ఆ రోజు పడవకి రాసింతర్వాత మిగిలింది దీనికి.”

“తాళంచెవి పోయాక కూడా పోశావా?”

“సాబీ పోతే పోనాది, తాళం పోనేదు కదా.”

“తాళానికి సొరనూనె పోయకూడదు తాతా.”

“పడవకి మంచిదైంది దీనికి సెడ్డెలాగవుద్ది? రెండూ ఉప్పుగాల్లోనే కదేటి బతికేది.”

ఇంటికి వెళ్లి నా పుల్లలు, కిరసనాయిలు, పెన్నులో ఇంకు పోసే ఫిల్లరు తెచ్చాను. చుక్క చుక్కగా కిరసనాయిలు వేస్తూ, గొడుగు చువ్వతో కెలుకుతూ, నల్లటి జిగురును గుడ్డకు తుడుస్తూ అరగంట గడిపాను. అమ్మాయి గోడ గడియారాన్ని చూసేది, నన్ను చూసేది. పన్నెండు దాటింది. బయట వాన ఒకే శ్రుతిలో పడుతోంది.

నిజం చెప్పాలంటే నాకు ఆశ లేదు. దీవుల్లో అంత పాత తాళాన్ని నేను ఎన్నడూ తీయలేదు. కోసి చూసిన ప్రతిదాన్లోనూ స్ప్రింగులు తుప్పుపొడి అయిపోయి ఉండేవి. స్ప్రింగు లేని పిన్ను చేతికి ఏమీ చెప్పదు. చచ్చిన మనిషి నాడి పట్టుకున్నట్టే. ఆ సంగతి ఆ పిల్లకు ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటూ పుల్లను లోపలికి పంపాను.

మొదటి పిన్ను నా వేలిని వెనక్కి నెట్టింది.

ఆగిపోయాను. రెండోది కూడా నెట్టింది. మూడోది, నాలుగోది. ఐదోది కొంచెం బద్ధకించి, మరో చుక్క కిరసనాయిలు పడ్డాక లేచింది. ఐదు స్ప్రింగులూ బతికే ఉన్నాయి. కొత్త తాళంలో కూడా అంత చురుకు నేను చూడలేదు. ముసలాయన నెలనెలా పోసిన నూనె గడ్డకట్టి తాళాన్ని మూసేసిన మాట నిజమే. ఉప్పుగాలిని కూడా అన్నేళ్లూ లోపలికి రానివ్వలేదు అది. పుస్తకాలన్నీ తప్పని చెప్పే పనిని ఈయన ఏళ్ల తరబడి తప్పకుండా చేసి, ఈ దీవుల్లో బతికి ఉన్న ఒకే ఒక్క తాళాన్ని నా చేతిలో పెట్టాడు. నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. జ్వరం మళ్లీ వచ్చిందనుకుందామంటే, అది సెలవు కోసం వచ్చిన జ్వరం.

ఎడమచేత్తో ఒక చువ్వను తాళం తిరిగే వైపు అతి తేలిగ్గా నొక్కి ఉంచి, కుడిచేతి పుల్లతో ఒక్కో పిన్నునూ లేపాను. గీత మీదికి వచ్చినప్పుడు పిన్ను ఒక చిన్న శబ్దం చేస్తుంది. శబ్దం అనడం కూడా ఎక్కువే, వేలిగోరుకు మాత్రమే వినిపిస్తుంది. ఒకటి. మూడు. రెండు. ఐదు. నాలుగోది రెండుసార్లు జారిపోయింది. నాలుగోది కూడా ఒప్పుకుంది. తాళం వెన్నలా తిరిగి, కొక్కెం దానంతట అదే పైకి లేచింది.

నేను తీశానని చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంది. ఎవరో తయారు చేశారు, ఎవరో నూనె పోశారు, నేను వెళ్లి పలకరించాను.

ముసలాయన పెట్టె మీది నుంచి లేచాడు. మూత ఎత్తితే ఎండిన చెక్క వాసన వచ్చింది. లోపల రెండు పంచెలు, వల అల్లే కర్ర, పాత తెరచాప గుడ్డలో చుట్టిన రేకు డబ్బా. డబ్బాలో కాగితం. మడతల దగ్గర పసుపు రంగు తిరిగింది గానీ అక్షరాలన్నీ ఉన్నాయి, ముద్ర కూడా ఉంది. ఆయన చదవలేడు. వేలితో ముద్ర ఎక్కడుందో చూసి, మనవరాలి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవర్లో, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టుకుని, “థ్యాంక్యూ భయ్యా” అంటూ చెప్పులు వేసుకోకుండానే బస్సు కోసం పరిగెత్తింది. పన్నెండున్నర బస్సు దొరికిందని మలుపులో మోగిన హారన్ని బట్టి తెలిసింది.

మిగిలింది మేమిద్దరం. తాళం ఆయన అరచేతిలో తెరుచుకుని ఉంది. నా దగ్గర మద్రాసు తాళంచెవులు ఉన్నాయని, దీనికి సరిపడేది రెండు రోజుల్లో కోసి ఇస్తానని చెప్పాను. ఆయన తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

“ఎంతసేపు పట్టినాది?”

“గంటకి కొంచెం పైన.”

“ఈ జిడ్డు నేకపోతే?”

ఇలాంటి చోట కొంచెం ఎక్కువ చేసి చెప్పడం తెలివి. కానీ అప్పటికి ఆ తాళం మీద నాకు గౌరవం ముదిరి ఉంది.

“పది నిమిషాలు,” అన్నాను.

ఆయన మా రెండిళ్ల మధ్య ఉన్న గోడ వైపు చూశాడు. తర్వాత పెట్టె మూత మూసి, నా చేతిలోని గొడుగు చువ్వను చూశాడు.

“ఇన్నేళ్లూ నువ్వు పక్కింట్లోనే ఉన్నావు,” అన్నాడు.