ఆరు ట్యాబులు, ఒక బాణం

మా గ్రంథాలయంలో ఆయన్ను అందరూ టేపు మాస్టారనే పిలిచేవారు. పుట్టుకతోనే చూపు లేని మనిషి. మిల్లుల్లో పనిచేసిన వృద్ధుల జ్ఞాపకాలను రికార్డు చేసిన టేపులు మూడు వందల పన్నెండు ఉండేవి. వాటిని విని టైపు చేయడం ఆయన ఉద్యోగం. టైపు చేసిన ప్రతి వాక్యాన్నీ కంప్యూటర్ పైకి చదివి వినిపించేది. ఆ గొంతు పలికినంతకాలం ఆయనకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. అదే గ్రంథాలయంలో దస్త్రాలు చూసి రిటైరైనవాణ్ణి నేను. ఈ వ్యవహారంలోని ప్రతి కాగితం నా వద్ద భద్రంగా ఉన్నది.

రెండేళ్ల క్రితం యాజమాన్యం లైసెన్సు సాఫ్ట్‌వేర్ మాని ఉచితంగా దొరికే లినక్స్ అనే వ్యవస్థకు కంప్యూటర్లను మార్చమన్నది. అందరి సొత్తును అందరూ వాడుకోవాలనడంలో నాకు అభ్యంతరం లేదు. అయితే అది ఒక్కటి కాదు, వందల రకాలు. హెడ్డాఫీసు పంపిన రకంలో గొంతు మూగబోయింది.

“ఇందులో అన్నీ ఉన్నాయి మాస్టారూ, మీకు నచ్చింది ఎంచుకోవచ్చు,” అన్నాడు కంప్యూటర్ల మెకానిక్.

“ఎంచుకోవాలంటే ముందది నోరు విప్పాలి కదయ్యా!”

ఆ రకాన్ని తయారుచేసిన వారికి మాస్టారు ఉత్తరాలు రాయించారు. తప్పు గొంతుది కాదు, తెర మీద బొమ్మ చూపే భాగం రాసేవారిదన్నారు ఒకరు. తెరవారు చేతులు దులుపుకుని, మీరు వాడేదే తప్పు రకం, మరొకటి ఎక్కించుకోండన్నారు. అటువంటి జవాబులు నలభై మూడు అచ్చువేయించి ఫైలు చేశాను. ఒక్కటీ రెండోదానితో ఏకీభవించదు.

కొత్తది ఎక్కించేటప్పుడు కనిపించే తెరలు అసలే మాట్లాడవు. అందుకని మాస్టారు వాళ్ళక్క చేత వాటిని ఒకసారి చదివించుకుని, ఎక్కడ ఏ మీట ఎన్నిసార్లు నొక్కాలో కంఠస్థం చేశారు. డిస్కు అడిగేచోట ఆరు ట్యాబులు, కిందికి ఒక బాణం, ఎంటర్. ఆ లెక్కతోనే మూడుసార్లు ఎక్కించారు. ఎక్కించినప్పుడల్లా గొంతు కొన్నాళ్లు పలికి, అప్‌డేట్ రాగానే ఆగిపోయేది.

నాలుగోసారి అప్‌డేట్ వచ్చి గొంతు మళ్ళీ ఆగింది. నెలాఖరులోగా టైపు ప్రతులన్నీ అప్పగిస్తేనే ఆయన ఉద్యోగం పొడిగిస్తామన్న ఉత్తర్వు అప్పటికే వచ్చింది. కొత్తది ఎక్కించాలంటే కంప్యూటర్ లోపలి డిస్కు ఎలాగూ తుడిచిపెట్టాలి గనుక, మెకానిక్ చేత ఫైళ్లన్నిటినీ బయటి డిస్కులోకి తరలించి, తిరిగి తెచ్చుకోవడానికి దాన్ని తగిలించే ఉంచారు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అక్క ఫోన్‌లో చెప్పింది:

“సాయంత్రం నేనొస్తాగా, అప్పటిదాకా ఆ మీటల జోలికి పోకురా.”

“మూడుసార్లు ఎక్కించినవాణ్ణే అక్కా! కళ్ళు నీవైతే కావచ్చు, వేళ్ళు నావేగా.”

కొత్త కూర్పులో ఎవరో మహానుభావుడు డిస్కుల వరుస మార్చాడు. బాణం బయటి డిస్కు మీద ఆగింది. ఎంటర్ పడింది. సాయంత్రం అక్క వచ్చి తెర చదివి, తుడిచిపెట్టుకుపోయింది ఫైళ్లున్న బయటి డిస్కేనని చెప్పింది. ఫైళ్లు వెనక్కి తెప్పిస్తామన్న దుకాణంవారు వారం ఉంచుకుని, ఏమీ మిగల్లేదని రాసిచ్చారు.

“టేపులు ఉంటాయిగా, మళ్ళీ టైపు చేయండి,” అన్నారు సూపరింటెండెంటు.

“అల్మరాలు ఖాళీ చేయాలని మీరే పారేయించారు కదండీ,” అన్నారు మాస్టారు.

టైపు పూర్తికాగానే టేపులను పారవేయడం తగదని ఆనాడే నేను లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపాను. దాని నకలు, ముట్టినట్టు సంతకం, రెండూ ఉన్నాయి. ఎవరికి చూపాలి? ఆ వృద్ధుల్లో చాలామంది ఇప్పుడు లేరు. నెలాఖరుకు మాస్టారి ఉద్యోగమూ పోయింది.

ఏడాది తర్వాత, గొంతు ఆగిందని లినక్స్ తయారుచేసినవారికి ఆయన పంపిన ఫిర్యాదుకు జవాబు వచ్చింది. చదివి వినిపించమని మా ఇంటికి వచ్చారు.

“ఏమన్నారండీ?”

“ఎవరూ స్పందించనందున మూసివేయడమైనదట.”

“ఎవరైనా చదివారా మరి?”

“లేదు మాస్టారూ. గడువు చూసి యంత్రమే మూసింది.”

“పోనీలెండి,” అన్నారాయన కర్ర తడుముకుంటూ. “అక్కడ అదొక్కటైనా పనిచేస్తోంది.”

నలభై నాలుగో కాగితంగా దాన్ని ఫైలులో పెట్టాను. ఆయన మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగి వెళ్ళారు.