వాపసు రాని ల్యాంపు

దయ్యాలంటే నాకు నవ్వులాట. గోదావరిఖనిలో ఓ బొగ్గుబాయి ల్యాంప్ రూములో ఉద్యోగం నాది. బాయి దిగేవాళ్ల దగ్గర టోకెన్ తీసుకుని, టోపీకి పెట్టుకునే ల్యాంపు, నడుముకు కట్టుకునే దాని బ్యాటరీ ఇస్తాను. షిఫ్టు అయ్యాక చేయి చాపి వాపసు తీసుకుంటాను. లోపల ఎవరో పిలిచినట్టయిందని ఎవరైనా అంటే, "టోకెన్ తెమ్మను, దానికీ ఒక ల్యాంపిస్త" అనేవాణ్ని. పైగా మాది చర్చికి పోయే ఇల్లు. తాయెత్తులు మా గడప తొక్కలేదు.

ఇది తెలంగాణ కోసం బందులు జరుగుతున్న రోజుల మాట. నా భార్య కరుణకు కీళ్లవాతం. వేళ్లు వంకర్లు పోయి మా పాపకు జడ వేయడం కూడా చేతకాలేదు. మాత్రలు పనిచేయక, హైదరాబాద్ డాక్టర్ కొత్త రకం ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్లను తింటోందనీ, ఈ మందు దాన్ని అణిచి ఉంచుతుందనీ చెప్పారు. ఐసు డబ్బాలో పెట్టుకుని రైల్లో తెచ్చేవాణ్ని. కొన్ని నెలలకు కరుణ పాపకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టింది. ఆ రోజు చూస్తూ నిలబడి డ్యూటీకి ఆలస్యంగా పోయాను.

ఆ తర్వాత ఆమె నడుము చుట్టూ ఎర్రటి పట్టీలా దద్దు లేచింది. కుడి పక్కన మాత్రం డబ్బా ఆనించి గీసినట్టు, పొలుసులు రాలే నాలుగు మూలల మచ్చ. డాక్టర్ ఆశ్చర్యపోలేదు. ఈ మందు కొందరికి సోరియాసిస్ లాంటి మచ్చలు లేపుతుందన్నారు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. మింగుడుపడనిది ఆ ఆకారం ఒక్కటే.

పనికిరాని పాత బ్యాటరీ ఒకటి అడిగి ఇంటికి తెచ్చాను. మచ్చకు ఆనీ ఆనకుండా పట్టి చూశాను. అంచుకు అంచు సరిపోయింది. పట్టీ వెడల్పు బ్యాటరీ కట్టుకునే బెల్టు వెడల్పే. కరుణ ఏనాడూ బాయి దిగిన మనిషి కాదు.

బెల్లంపల్లి నుంచి అత్తమ్మ చూడటానికి వచ్చింది. మచ్చకు మందు రాయబోయి చేయి ఆపేసింది. కరుణ కడుపులో ఉండగానే మామ బాయిలో పైకప్పు కూలి చనిపోయాడని నాకు తెలుసు. ముఖం గుర్తుపట్టేటట్టు లేకపోవడంతో, పాతకాలం బ్యాటరీ యాసిడ్ కారి నడుము మీద కాలిన మచ్చను చూసి అత్తమ్మే ఆనవాలు పట్టిందని అప్పటిదాకా తెలియదు. కూతురికి కూడా ఆ మాట ఎన్నడూ చెప్పలేదట.

"గిదే మచ్చ, అయ్యా. గీ పక్కకే ఉండె," అంది నాతో. మందు మూత పెట్టేసి, "పీనుగు దొరికింది గని ల్యాంపు దొరకలే," అంది.

మా ల్యాంప్ రూములో ర్యాకు మీద ఒక చోటు ఖాళీగా ఉందంటే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు.

ప్రార్థనలు చేయించాం. పూతమందులు రాశాం. ఇంజెక్షన్ మార్చినా దద్దు అరచేతులకు పాకింది. చివరికి ఆ మందులన్నీ ఆపేశారు. పట్టీ మాసిపోయింది, అరచేతులు మానాయి. నాలుగు మూలల మచ్చ ఒక్కటే పోలేదు. వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకున్నాయి, ఈసారి పూర్తిగా. ఇక చేయగలిగింది లేదని డాక్టర్ మెల్లగా చెప్పారు. ఇప్పుడు పాప జడలు నేనే వేస్తాను, అష్టవంకర్లుగా.

కరుణ కుడి పక్కకు ఒరిగి నడుస్తోంది. మోకాళ్ల వల్ల కావచ్చు. షిఫ్టు దిగి వచ్చేవాళ్లు కూడా బ్యాటరీ బరువుకు అలాగే ఒరిగి వస్తారు. ఇదంతా ఎందుకు జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. టోకెన్ జోకు మాత్రం మానేశాను.

పొద్దున ఆమె గోడ పట్టుకుని వస్తుంటే ఎదురెళ్లి, అలవాటు కొద్దీ చేయి చాపుతాను. తెరుచుకోని తన పిడికిలి తెచ్చి నా చేతిలో పెడుతుంది.