నాన్న, ఎనిమిది చేపల ఫౌంటెన్

మా నాన్న కావాలనే ఫౌంటెన్‌ను కూలనిచ్చాడని మార్కెట్ కూడలిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నీళ్ల ఆఫీసులో హెడ్ ఫిట్టరు పోస్టు ఆయనను కాదని నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఇచ్చారట. ఆ కడుపుమంటతో, లోపల నీళ్లు కారుతున్నాయని తెలిసి కూడా నోరు మెదపలేదట. నేను పక్కనే వంకాయలు ఏరుకుంటూ వింటాను. నేనెవరి కూతురినో వాళ్లిప్పుడు గుర్తుపట్టరు.

ఊరికి మొదటిసారి గొట్టాల్లో నీళ్లు వచ్చినప్పుడు, జనం నమ్మడం కోసం ఆ ఫౌంటెన్ కట్టారు. నూట ముప్పై ఏళ్ల నాటి మాట. అడుగున ఎనిమిది పలకల రాతి తొట్టి. మధ్యలో స్తంభం, దాని చుట్టూ నోళ్లు తెరిచిన ఎనిమిది చేపలు, పైన రెండు రాతి పళ్లేలు. మోటారు లేదు. గుట్ట మీది ట్యాంకు ఎత్తులో ఉండబట్టి నీళ్లు వాటంతటవే ఎగిసేవి. గొట్టాల అతుకులు సీసం కరిగించి పోసినవి. స్తంభం విప్పకుండా వాటిని చూడటం ఎవరి తరమూ కాదు. వినాల్సిందే.

నాన్న ముప్పై ఏళ్లు విన్నాడు. రోజూ పొద్దున్నే ఇనుప కడ్డీ ఒక కొస గొట్టానికి, రెండో కొస చెవికి ఆనించి కళ్లు మూసుకునేవాడు. నిన్నటి చప్పుడు మనసులో ఉంచుకోవాలి, ఇవాళ అది మారితే ఆఫీసుకు చెప్పాలి. అంతే పని.

"ఏమయ్యా డాక్టరూ, నాడి ఎలా ఉంది?" అనేవాడు తొట్టి గట్టు పక్కన చెప్పులు కుట్టే తాత.

"నీకంటే నయం తాతా. దానికి దగ్గు లేదు."

అమ్మ పోయాక తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఇల్లు చూసుకునేదాన్ని. ఒకరోజు కుక్కరు కూతల మీద కూతలు వేస్తుంటే నాన్న దాని పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"నాన్నా, కుక్కరు!" అని అరిచాను.

"ఏమైంది దానికి?"

నేను పొయ్యి ఆర్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఎవరితోనూ అనకమ్మా. తెలిస్తే నన్ను కాగితాలు మోసే పనిలో వేస్తారు. ఫౌంటెన్‌ను ఎవడు చూస్తాడు?"

మర్నాటి నుంచి నన్ను వెంట తీసుకెళ్లాడు. ముందు తను విన్నట్టు వంగేవాడు. తర్వాత, నేర్పిస్తున్నట్టు కడ్డీ నాకిచ్చేవాడు.

"నిన్నటిలాగే ఉందా?"

"ఉంది నాన్నా."

రెండేళ్లు రోజూ అదే అడిగాడు, నేను అదే చెప్పాను. నిజంగానే నిన్నటిలాగే ఉండేది.

ఒక మధ్యాహ్నం స్తంభం పక్కకు ఒరిగింది. పళ్లేలు జారి చేపల మీద పడ్డాయి. ఆ సమయానికి గట్టు మీద ఎవరూ లేరు. పునాది కింద మట్టి కొట్టుకుపోయి మనిషి లోతు గొయ్యి పడి ఉంది.

"ఇన్నాళ్లూ కారుతుంటే నీకు వినబడలేదా?" ఇంజనీరు అడిగాడు.

నేను నోరు తెరవబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"రోజూ నేనే విన్నాను సార్. తేడా రాలేదు."

"ముప్పై ఏళ్ల సర్వీసు పెట్టుకుని ఎవరి చెవిలో పువ్వులు పెడతావయ్యా?"

ఆ రోజు తాత ఆయన్ని డాక్టరూ అని పిలవలేదు.

ఉద్యోగం పోయింది. నాన్న ఎక్కడికి వెళ్లినా కూడలి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఒకసారి వంటింట్లోంచి అడిగాను. "నా వల్లేనా నాన్నా?" ఆయనకు వినబడలేదు. గట్టిగా అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన పోయిన ఏడాదికి ఆఫీసు నుంచి కాగితాలు వచ్చాయి. విచారణ రిపోర్టు కూడా అందులోనే ఉంది. కూలే నాటికి పునాది దగ్గరి గొట్టం అతుకు వదిలి కనీసం నాలుగేళ్లయిందని రాశారు. నేను విన్నది చివరి రెండేళ్లు. మొదటి రోజు నేను కడ్డీ చెవికి ఆనించేనాటికే అది కారుతోంది.